బెండు

వేట ఆగిన నెల, జువ్వలదిన్నెలో
తుఫాను షెల్టరు మేడ మీద మా వేసవి బడి.
చాపల మీద ఇరవైముగ్గురు పిలకాయలు.
ఇరవైనాలుగోవాడు శోభను,
మెట్ల మీద.

మొదటిరోజు సుద్దముక్క నమిలి ఊశాడు.
రెండోరోజు పక్కపిల్ల పలక పగిలింది.
మూడోరోజు నా మణికట్టు మీద
వాడి పళ్ల నెలవంక.
నేనూ అరిచాను.
ఇది రాయకుండా దాటేద్దామనుకున్నా గానీ
అరిచాను, అందరిముందూ, మొద్దు అని కూడా.
వాడు చెవులు మూసుకోలేదు.
అలవాటైన మాటకి ఎవరు మూసుకుంటారు?

వాడికి ప, వ ఒకటే.
తలకట్టు అంటుకుందో, ఎడంగా ఉందో
ఆ వెంట్రుకవాసి సందులోంచి
మూడో తరగతి దాకా జారుతూ వచ్చాడు.
వల రాయమంటే పల.
పడవ రాయమంటే వడప.
నవ్వులు.
ఆ నవ్వులకే కాటు.

వాళ్ల నాయన ఇసకలో వల బాగుచేస్తుంటే వెళ్లాను,
ఫిర్యాదు చెయ్యడానికే.
వాడు సముద్రంవైపు చూస్తూ
తెగిన కళ్లని వేళ్లతో తడిమి అందిస్తున్నాడు.
ఫిర్యాదు నోట్లోనే ఉండిపోయింది.
ఆయనే అన్నాడు:
"వాడికి ముందు ఒళ్లు బిగుసుద్ది మేడం.
అప్పుడు ఇడిసిపెట్టాల. మళ్లొస్తాడు."

అందుకే ఈ బెండు, పాత వలది.
బిగుసుకొస్తే నా బల్ల మీద పెట్టాలి,
మెట్లకి పోవాలి. నేను అడగను.
ఆ రోజు ఎనిమిదిసార్లు పెట్టాడు,
నన్ను పరీక్షిస్తూ.
ఎనిమిదిసార్లూ అడగలేదు.
మర్నాడు మూడు.
ఆదివారం గడిచాక మళ్లీ ఏడు,
ఒక కాటు కూడా.

గచ్చు మీద నైలాను తాడుతో అక్షరాలు పరిచాం.
తలకట్టు విడి ముక్క.
"ముడేస్తే వ. ముడెయ్యకపోతే ప,"
అన్నాడు, నాతో కాదు, తాడుతో.

ఆఖరిరోజు. కింద రేవులో ఇంజన్లు దగ్గుతున్నాయి,
మేడంతా డీజిలు వాసన.
పలక మీద మళ్లీ పల.
నేను నోరు తెరిచాను.
"చెప్పబాకు మేడం."
మోచేత్తో తుడిచాడు. చాలాసేపు చూశాడు.
ఏదో రాశాడు.
పలక బోర్లించి, బెండు బల్ల మీద పెట్టి
మెట్లకి పోయాడు.

బడి తెరిచాక వాడి టీచరుకి ఇవ్వాల్సిన కాగితం
ఇప్పుడే రాస్తున్నా. మార్కులేం లేవు ఇందులో.
బెండు పెడితే పోనివ్వండి.
వస్తాడు.
వచ్చేదాకా
పలక తిప్పబాకండి.