ముద్ర కింద

లీడా తెచ్చిన బిస్కెట్ల డబ్బాలో
వాళ్ళక్క మూడు చోట్ల ఉంది.
ఇంకెక్కడా లేదు.

చేపల ఫ్యాక్టరీ గుర్తింపు కార్డులో ఒకసారి:
గడ్డం మీద ఊదారంగు ముద్ర.
పుట్టినరోజు బల్ల దగ్గర ఒకసారి:
అప్పుడే ఎవరో పిలిచినట్టున్నారు,
ముఖం తిరుగుతూ తిరుగుతూ పొగైపోయింది.
మూడోదాంట్లో వీపే.
గాలిలో దుప్పట్లు ఆరేస్తోంది,
నోట్లో క్లిప్పు ఉందని లీడా చెబితే నమ్మాలి.

"ఈ ముగ్గురినీ కలిపి ఒక్క హిల్యాని చెయ్యి,
గోడకు పెట్టుకునే రంగుల బొమ్మలా."

కురెస్సారెలో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
నా గదిలో వెలుగంతా కంప్యూటరు తెర పెట్టిన భిక్షే.

ముందు యంత్రాన్ని అడిగాను.
తైలవర్ణం అన్నాను, కిటికీ పక్క వెలుతురన్నాను,
యాభై దాటిన ద్వీపం మనిషి అన్నాను.
కాఫీ కాగేలోపు ఇచ్చేసింది
పళ్ళ సందు పూడ్చేసి,
నుదుటి గీతలకు ఇస్త్రీ చేసి,
చెవులకు ముత్యాలు పెట్టి.

లీడా పడీ పడీ నవ్వింది.
"సూదంటే మంచం కింద దూరేది,
దీనికి చెవులు కుట్టిందెవరు?"

ముత్యాలు తీసేశాను.
పళ్ళ సందు కార్డులోంచి కోసి తెచ్చాను.
జుట్టు దుప్పట్ల ఫొటోది, భుజం వాలు కూడా.
పొగైన ఫొటో దేనికీ పనికిరాదనుకున్నా గానీ
పలచన చేసి పొర మీద పొర పరిస్తే
పిలిస్తే తిరగబోయే ఆ కదలిక
కళ్ళలోకొచ్చి కూర్చుంది.

"మణికట్టు దగ్గర పొలుసులుండేవి" అంది లీడా.
"ఎంత తోమినా ఒకటో రెండో, ఆదివారం కూడా."
యంత్రానికి పొలుసంటే వెండి నగ.
మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ గాజు తొడిగింది.
చివరికి సంతకెళ్ళి హెర్రింగు చేప కొని
సింకులో ఫొటో తీసి
రెండంటే రెండు పొలుసులు
కనీ కనపడనట్టు అతికించాను.
చేపను వేయించుకు తిన్నాను.

ఇక ముద్ర.
రెండు రాత్రులు ఊదారంగు తుడిచాను.
తుడిచాక తెలిసింది, కింద ఏమీ లేదు,
సిరా కాగితాన్ని తినేసింది.
యంత్రం ఇస్తానన్న గడ్డాలు తొమ్మిది,
తొమ్మిదీ సినిమాతారలవి.

ఆ సాయంత్రం ఎదురు కుర్చీలో లీడా కునుకు తీస్తోంది,
స్వెట్టరు నిండా జునిపర్ కట్టెల పొగ వాసన.
చప్పుడు కాకుండా ఫోనెత్తి
ఆమె గడ్డాన్ని అడక్కుండా అప్పు తెచ్చుకున్నాను.
పదిహేనేళ్ళు తగ్గించి అక్కకు పెట్టాను.

బొమ్మ చూసి చాలాసేపు మాట్లాడలేదు.
బొటనవేలు తడి చేసుకుని
తెర మీద మణికట్టును రుద్దింది.
పొలుసు పోలేదు.
వేలు పైకి జరిగింది.
"అలిగినప్పుడు ఇదిగో, ఈ గడ్డం పట్టుకునే బతిమాలేదాన్ని.
మిగతాదేమో గానీ
ఇది మాత్రం అచ్చం దానిదే."

కీబోర్డు వైపు చూస్తూ ఔనన్నాను.

డబ్బుతో పాటు
పాత పేపర్లో చుట్టిన పొగచేపలు రెండు బల్ల మీద పెట్టి
గుమ్మం పక్క అద్దంలో చూసుకుంటూ
తలగుడ్డ ముడి
సరిగ్గా గడ్డం కింద బిగించుకుంది.