తాళంచెవుల గుత్తి

లాసన్స్ బే కాలనీ. నలభై రెండు ఫ్లాట్లు.
ఉప్పుగాలి తినేసిన గ్రిల్స్‌కి
ఏడాదికి రెండుసార్లు రంగు వేయిస్తాను.
లిఫ్టు ఆగితే నేను, ట్యాంకరు రాకపోతే నేనే.

ఓడ ఎక్కాలనుకున్నవాణ్ణి.
కంటి పరీక్షలో, నీకు ఎరుపూ పచ్చా ఒకటేనన్నారు.
అమ్మ ఏడ్చింది. నేను
పూర్ణా మార్కెట్లో టీ తాగొచ్చాను.

నిన్న మూడొందల రెండు ఖాళీ చేశారు బొడ్డేపల్లి వాళ్లు.
పడగ్గది తలుపు పక్కన పెన్సిల్ గీతలు,
పిల్లాడి ఎత్తు, తేదీలతో సహా.
అడ్వాన్సులో ఎనిమిది వందలు కోత రాసి,
కొట్టేశాను.
పెయింటర్ అప్పలకొండ అడిగాడు, "ఏ రంగు సార్?"
నన్నడుగుతావేటి!

ట్యాంకు చూద్దామని మేడెక్కితే
అవుటర్ హార్బర్ వైపు ఓడ దీపం.
ఏ రంగో మరి.
కిందకెళ్లి మోటారు ఆపాలి.