ఎడమ చెవి

బుధవారాల్లో ఆయన గుర్రం నాకు అరువు.
సెమొంకాంగ్ దవాఖానా నుంచి
కొండ అవతలి ఊళ్ళకి మందుల పెట్టెలు మోయాలి.
పేరు ఫోకా. మా మాటలో మంచుబొట్టు అని.

న్తాతే మొఖెలే కంబళి కప్పుకుని
రాతిగోడ మీద కూర్చుని ఉంటాడు.
ఇరవై ఆరేళ్ళు వెల్కమ్‌లో బంగారం తవ్విన ఛాతీ
రెండు మాటలకోసారి ఆగి
గాలి కోసం తడుముకుంటుంది.

మొదటి రోజు కళ్ళెం పట్టి లాగాను.
బండరాయిలా నిలబడిపోయింది.
"అరవకు," అన్నాడు,
"అది నీకు మూడుసార్లు జవాబు చెప్పింది."

ఎప్పుడు? నాకేం వినపడలేదే.

నమలడం ఆపింది, అదొకటి.
కంటి పైన చర్మం గుడారంలా ముడుచుకుంది, అది రెండు.
మూడోది చెప్పబోయి దగ్గాడు.
ఆ మూడోది నాకు దొరకడానికి నెల పట్టింది:
కింది పెదవి చివర
శనగగింజంత బిగువు.

సకిలింపు దూరానికట.
కొండ మీది మందకి కొండ కింది నుంచి వేసే కేక.
పక్కనున్నవాళ్ళతో కేకలెందుకు?
ఈగ వాలినప్పుడు వణికే చర్మం వేరు,
నువ్వు వాలినప్పుడు వణికేది వేరు.
వెనక కాలి డెక్క మొన మీద ఆనించి
నడుము ఒక పక్కకి జార్చిందంటే
నీ దగ్గర కునుకు తీయొచ్చని లెక్క.

"చెప్పాపెట్టకుండా తన్నింది అంటారు జనం.
పొద్దుటి నుంచీ చెబుతూనే ఉంది పాపం."

నవ్వితే మళ్ళీ దగ్గు.
తేరుకున్నాక గని సంగతి ఎత్తాడు.
కింద, యంత్రాల హోరులో,
పక్కవాడి అరుపు పక్కవాడికే అందదు.
నెత్తి మీది దీపంతోనే మాటలు:
అడ్డంగా ఊపితే ఆగు,
నిలువుగా ఊపితే రా.
ఊపకుండా ఊరికే నేల చూస్తే
ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందని.
"అదెవరూ నేర్పలేదు," అన్నాడు,
"అందరికీ తెలిసేది."

ఏప్రిల్లో తొలి మంచు గడ్డకట్టిన పొద్దున
నా సంచిలో ఆయన ఛాతీ ఫోటో ఉంది,
మసేరు నుంచి వచ్చిన గోధుమరంగు కవరులో.
నేను చెబుతాలే వచ్చే వారం, అంది డాక్టరమ్మ.
దారి పొడుగునా ముఖం సాధన చేశాను.

"బాగానే ఉందట న్తాతే. మందు ఆపొద్దన్నారు."
నవ్వాను కూడా. నవ్వు బాగానే కుదిరింది.
ఒక చెయ్యి మాత్రం ఫోకా మెడ మీద ఉంది.

గుర్రం ఎడమ చెవి నా వైపు తిరిగింది.
తిరిగి, అక్కడే ఆగింది.
ముక్కుపుటాలు ఒకసారి విచ్చి మూసుకున్నాయి.
అర అడుగు, అంతే,
నా అరచేతి కింద నుంచి పక్కకి జరిగింది.

ఆయన నా ముఖం చూడలేదు.
గుర్రాన్ని చూశాడు.
చాలాసేపు చూశాడు.

"సరే," అన్నాడు.

కంబళి పిన్ను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.
ఒక్క ప్రశ్న అడగలేదు.
గోడ దిగి తనే వచ్చి జీను పట్టీ అందుకున్నాడు.
అది పొట్ట నిండా గాలి పట్టి నిలబడింది.
అది వదిలేదాకా ఈయన ఆగాడు,
ఈయన ఊపిరి కుదుటపడేదాకా అది ఆగింది.
ఎవరు ముందు వదిలారో నాకు తెలియలేదు.
పట్టీ ఒక్క రంధ్రం బిగిసింది.
పెట్టెలు కట్టాక
సంచి వైపు చెయ్యి చాపాడు,
కవరు కోసం కాదు,
జారిన కొక్కెం సర్దడానికి.

"చీకటి పడకముందే తీసుకురా. వాగు దగ్గర తొందరపెట్టకు."

మలుపు దాకా నేను వెనక్కి చూడలేదు.
చూసే పని ఫోకా చేసింది.
కుడి చెవి దారి మీద,
ఎడమ చెవి గోడ దగ్గర దగ్గు మీద.
ఆ దగ్గు నాకు వినపడడం మానేశాక కూడా
ఇంకో అరమైలు
అది అటే తిరిగి ఉంది.