కాల్ బుక్కు

రాత్రి మూడుంబావుకి ఫోను మోగతా ఉండాది.
క్రూ కంట్రోల్.
కిటికీ అవతల రేణిగుంట యార్డులో
గూడ్సు బండి ఒకటి సిగ్నలు కోసం నిలబడి ఉండాది.

మా తాత చెంగల్రాయులు గూడ్సు డ్రైవరు.
ఆయన కాలంలో ఫోను కాదు, కాల్ బాయ్ వచ్చేవాడు.
నడిరాత్రి సైకిలు గోడకి ఆనించి
తలుపు కొట్టి, లాంతరు ఎత్తి,
కాల్ బుక్కు ముందర పెట్టేవాడు.
సంతకం పెట్టినాక
బండి నీది, నిద్ర రైల్వేది.

డెబ్బై నాలుగు సమ్మెలో
ఆ బుక్కుకి దొరక్కుండా
కరకంబాడి అడివిలో తిరిగినాడంట.
పక్కన మెయిలు డ్రైవరు డిక్రూజ్.
మెయిలుకి జీతం వేరే, అలవెన్సు వేరే,
రన్నింగ్ రూములో మంచం కూడా వేరే.
ఇరవై రోజులు ఒకే మూటలో చెనిక్కాయలు తిన్నారు.
చెప్పేటప్పుడు తాత సమ్మె గురించి తక్కువ,
డిక్రూజ్ గురక గురించి ఎక్కువ చెప్పేవాడు.

నాది ఏటీఆర్, కుడి సీటు.
కాళహస్తి వైపు నుంచి దిగేటప్పుడు
శేషాచలం నా కిటికీలోకే వస్తాది.
ఎయిర్‌బస్ కుడి సీట్లో ఉండే ఇర్ఫాన్ బాషాకీ
అదే కొండ, అదే రన్‌వే,
చిత్తకార్తె మబ్బులో అదే కుదుపు.
వాడి చీటీ నా చీటీ పక్కపక్కన పెడితే మాత్రం
నడాన లక్షా పదివేలు.
అదీ నా గంటలు డెబ్బై నుంచి యాభైకి కోసినాక.

పక్కపక్కన పెట్టకూడదు.
జీతం ఎవరికీ చెప్పరాదని
పదకొండో పేజీలో సంతకం పెట్టినాను నేనే.

ముందు పెట్టింది కెప్టెన్ ఢిల్లోన్.
ఎయిర్‌పోర్టు బయట మునెమ్మ కొట్టులో
చీటీ మడత విప్పి
గాలికి పోకుండా చక్కెర డబ్బా ఎత్తినాడు దానిమీద.
ఆయనకొచ్చిన తెలుగు రెండే మాటలు:
చాలు, ఇంకొంచెం.
నా చీటీ చూసి చాలాసేపు టీ తాగలేదు.
"చాలదు," అన్నాడు.
మూడో మాట ఎవరు నేర్పినారో.

కాగితం తిరిగింది.
ఎయిర్‌బస్ వాళ్లు పన్నెండు మంది పెట్టినారు.
మా ఏటీఆర్ వాళ్లలోనే ముగ్గురు
లోను ఉండాది, పిల్లోళ్ల ఫీజు ఉండాది అని
పెన్ను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.
వాళ్లని ఏమీ అనలేను.
పుత్తూరు బ్రాంచి మేనేజరు
ఐదో తేదీ పొద్దున్నే నాకూ గుడ్ మార్నింగ్ చెప్తాడు.

కాగితం తిప్పిన తులసీరామ్‌ని
నిన్న ఇంటికి పంపించినారు.

ఫోను ఆగింది.
మళ్లీ మోగింది.

"మేడమ్, ఐదూ నలభై విజయవాడ,
తులసీరామ్ సార్ బదులు.
గంటకి రెండింతలు ఇస్తామని చెప్పమన్నారు."
ఆవలింత మింగతా ఉండే గొంతు.

"నేను రాను."
ఇంత చిన్న మాటకి నోరెండిపోయింది.

"కారణం ఏం రాసుకోమంటారు మేడమ్?"

జ్వరం అనచ్చు.
జ్వరానికి ఒక గడి ఉంటుంది వాళ్ల స్క్రీను మీద.
తాత పేరుకెదురుగా ఆ ఇరవై రోజులూ
ఏం రాసినారో ఆ బుక్కులో,
ఎవరం అడగలేదు.

"తులసీరామ్ బదులు కాబట్టి రాను.
అట్లే రాసుకో."

కీబోర్డు చప్పుడు.
నిదానంగా, ఒక్కో అక్షరం.
"మీకు ముందర చేసిన ఇద్దరూ
జ్వరమన్నారు మేడమ్," అనింది.

యార్డులో బండి కదిలింది.
వ్యాగన్లు ఒకదాన్నొకటి గుంజుకునే శబ్దం
ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయింది.
ఆ పిల్ల ఇంకా ఫోను పెట్టలేదు.
రెండేండ్లుగా నన్ను లేపతా ఉండే గొంతు.
పేరు కూడా ఎప్పుడూ అడగలేదు నేను.

"నైట్ డ్యూటీకి నీకెంతిస్తారు?"

కాసేపు ఏమీ లేదు.
"చెప్పకూడదు మేడమ్."

తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు,
తలుపు మూసిన చప్పుడు,
గొంతు తగ్గించి
చెప్పింది.