రేటు రాని సరుకు

యార్డులో పొద్దున్నే పాట మొదలవుతుంది.
తేజా ఇంత, బాడిగ ఇంత, తాలు ఇంత.
పద్దు రాసేది నేనే.
పంతొమ్మిదేళ్లుగా
ఒకడి కాయకి ఇంకొకడు చెప్పిన ధర.

నా కథల పుస్తకానికి మాత్రం ధర నేనే చెప్పుకున్నాను:
నూట యాభై.
సూర్యారావుపేట ప్రెస్సు నుంచి బస్టాండుకి
ఐదొందల కాపీల మధ్య ఇరుక్కుని కూర్చుంటే
ఆటో అతను అడిగాడు, "పెళ్లి కార్డులా సార్?"
అవునన్నాను. ఎందుకన్నానో.

ముప్ఫై ఎనిమిది వేలు.
మా సుగుణ చీటీ పాడి తెచ్చింది. అదీ పాటే.
కట్టలు ఖాళీ టిక్కీ సంచుల్లో కుట్టి
మంచం కిందకి తోశాను.
రైతు కోల్డు స్టోరేజీలో దాస్తాడుగా రేటొచ్చేదాకా,
అలాగనుకో, అంది.
నవ్విందో లేదో కనిపించలేదు, వంగి ఊడుస్తోంది.

ఏలూరు రోడ్డు కొట్టాయన
పుస్తకాన్ని తెరవకుండానే అరచేత్తో తూచాడు,
అచ్చం మా దడవాయిలా.
"కమీషను నలభై. అమ్మితేనే డబ్బు. పది పెట్టి వెళ్లండి."
ఆర్నెల్లకి వెళితే తొమ్మిదున్నాయి.
ఆ ఒక్కటీ ఎవరు కొన్నారండీ అన్నాను, గొంతు ఆపుకోలేక.
"కొనలేదండీ, ఎక్కడో పడిపోయింది."
అబద్ధం ఆడడం రాని మనిషి.

జనవరి పుస్తకాల పండగలో స్టాలు అద్దె ముగ్గురం పంచుకున్నాం:
నేను, పద్యాల కోటిరత్నం గారు,
షుగరుకి మెంతుల మీద పుస్తకం రాసిన రిటైర్డు కాంపౌండరు.
మెంతులు రెండో రోజుకే అయిపోయాయి.
నా దగ్గర ఆగినవాళ్లు చిల్లరుందా అని అడిగారు.
ఇచ్చాను.

తర్వాత పంచడం మొదలుపెట్టాను.
"ఆత్మీయంగా" అని రాసి, సంతకం పెట్టి,
పెద్దవాళ్లకి, పెద్దవాళ్లనుకున్న వాళ్లకి.
పోస్టు ఖర్చుకి పద్దులో వేరే గడి గీశాను.
జమ వైపు కాగితం కొన్నప్పటంత తెల్లగా ఉంది.

నిన్న రాత్రి పదకొండున్నరకి ఫోను.
పెద్దాసుపత్రి, పిల్లల వార్డు, నైట్ డ్యూటీ.
పేరు సలోమి అంది.
"బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కుప్పలో దొరికిందండి.
తెరవగానే తుమ్మొచ్చింది.
ఇది గుంటూరు పుస్తకమే అనుకున్నా."
నాలుగో కథలో కాటా దగ్గర కుర్రాడు
చివరికి ఏమయ్యాడో రాయలేదేంటని దెబ్బలాడింది.
నాకూ తెలీదన్నాను.
"మీరు తెలుసుకోవద్దా మరి?"

మొదటి పేజీలో నా సంతకం ఉందట,
ఎవరి పేరో సిరాతో కొట్టేసి ఉందట.
ఎవరిదో నాకు తెలుసు.
శాలువా కప్పి మరీ ఇచ్చాను ఆ కాపీ.
కోపం కోసం చూశాను, రాలేదు.
ఆయన తూకానికి అమ్మకపోతే ఈ తుమ్ము ఎక్కడిది?

వార్డులో ఎవరో పిల్ల ఏడ్చింది.
వెళ్లి, వచ్చి, తటపటాయించి అంది:
"దీని మీద నూట యాభై అనుంది. నేను ముప్ఫైకి కొన్నా.
మిగతాది మీకు పంపనా? ఈ నంబరేనా?"
వద్దందామని నోరు తెరిచాను.
"ఇదే" అని వచ్చింది.

ఫోను ఠంగుమంది. నూట ఇరవై.

పొద్దున పాట మొదలవకముందే
నా సొంత పద్దు తీశాను.
ఏ ఖాతాలో వెయ్యాలి దీన్ని?
అమ్మకం కాదు, దానం కాదు,
కమీషను పోలేదు, తరుగు పోలేదు.
చివరికి "తుమ్ము" అని రాసి ఎదురుగా అంకె వేశాను.

షావుకారు రెండుసార్లు పిలిచాడట.
నేను కాటా వైపు చూస్తున్నాను,
ఆ కుర్రాడి కోసం.