ముగ్గురు సింహాచలాలు

పర్లాకిమిడి బజారులో, చెప్పుల దుకాణం మేడ మీద
నా కంప్యూటరులో నూట పద్నాలుగు పాటలు.
అన్నిటికీ ఒకటే పేరు: ట్రాక్ ఒకటి.
పాడినవారు: తెలియదు.
సంవత్సరం: సున్నా.

క్యాసెట్లు గోనెసంచిలో వచ్చాయి.
కొన్నిట్లో చీమలు గుడ్లు పెట్టాయి.
రెండింటిని పెన్సిలుతో తిప్పి తిప్పి బతికించాను.

అట్టల మీది రాత చూసి గడులు నింపుతూ పోయాను.
టెక్కలి అట్ట మీద సింహాచలం,
కాశీనగరం అట్ట మీద ఒడియాలో సీమాంచొళో,
గుణుపురం స్టూడియోవాడు ఇంగ్లీషులో కొట్టించింది మూడో రకం.
యంత్రం లెక్క తేల్చింది:
గాయకులు ముగ్గురు.

అదే గొంతు. అదే జముకు తీగ, కాస్త శ్రుతి దిగి.
తాసిల్దారు కచేరీలోనూ ఇలాగే తేల్చారట.
రేషన్ కార్డులో ఒకడు, పట్టాలో ఇంకొకడు,
కళాకారుల పింఛను ఏ ఒక్కడికీ రాలేదు.
"నాను ముగ్గురునైతే మూడు పింఛన్లు ఇయ్యండి మరి"
అన్నాడట.

మూడు వరసలూ ఎంచి ఒక్క మీట నొక్కాను.
కలిసిపోయాడు.
ఇంత సులువని తెలిస్తే
నవ్వేవాడో, తిట్టేవాడో.

ఏ రకం సంగీతం, అంటుంది తర్వాతి గడి.
జాజ్ ఉంది. బ్లూస్ ఉంది. పోల్కా ఉంది.
పోల్కా అంటే మా మేనత్త కుట్టించుకునే రవిక.
జముకుల కథ లేదు.
నేనే టైపు చేశాను, కొమ్ములు తప్పకుండా.

భాష ఒక్కటే చెప్పమంది.
కథ తెలుగు, పిట్టకథ ఒడియా,
కొండదేవత నోరు తెరిస్తే సవర.
ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఏ ఏడాదో ఎవరికీ గుర్తులేదు.
పాట మధ్యలో చిన్న రైలు కూత పడింది,
అలిగిన పిల్లాడి గొంతులా, దూరంగా.
అంటే పెద్ద పట్టాలు రాకముందు.
గడికి నాలుగు అంకెలు కావాలి, కూత చాలదు.

మూడోరోజు తవుడమ్మ వచ్చింది,
చింతపండు బుట్ట మెట్ల కింద దించి.
హెడ్‌ఫోను తలకిందులుగా తగిలించుకుని వింది.
పెదవులు కదిలాయి.
"ఆడి పేరుంది, బాగుంది. మరి వంత?
ఇరవయ్యేళ్ళు ఆడు ఆగిన చోటల్లా
అందుకున్నది నాను కాదేటి?"

తోడు పాడినవారి గడి ఉండనే ఉంది,
మెనూలో మూడు పొరల కింద.
తవుడమ్మ, అని కొట్టాను.
నూట పద్నాలుగు సార్లు.

ఆ ఊపులో గొప్పగా చూపించాను,
ఆరో నిమిషంలో ఆయన దగ్గు
జాడ లేకుండా ఎలా తుడిచేశానో.
లేవబోతున్నది కూలబడింది.
"దగ్గేటి బాబూ, అది నాకు సైగ.
ఇంక అందుకోయే, అని."

పాత ఫైలు వెతికి మళ్ళీ పెట్టాను.
గమనిక అన్న గడిలో రాశాను:
ఆరు నిమిషాల పదకొండు సెకన్లు. దగ్గు.
పాటలోదే.