తౌడమ్మ రెండో శాంపిల్

పలాస జీడి బట్టీలో నల్లబడ్డ వేళ్లు
నా బల్ల మీద పరిచి
"ఎంత తీస్తావేటి బావూ" అంది.
నీలి మూత గొట్టంలో గీత దాకా.
చుక్క తగ్గినా లెక్క తప్పుతుంది.

ముందు పుట్టినోళ్లు దక్కలేదని
తౌడుకి అమ్మి, తిరిగి కొనుక్కున్న పిల్ల.
ఇప్పుడు తన కడుపులోనూ ముగ్గురు నిలవలేదు.
ఎడమ పిక్క వాచి ఉంది.
ఊళ్లో దిష్టి తీశారు,
శ్రీకాకుళంలో నేను రక్తం తీశాను.

ముప్పయ్యేడు డిగ్రీల నీళ్లలో
అందరిదీ అరనిమిషానికి గడ్డకడుతుంది.
ఆమెది డెబ్బై దాటినా
గంజి మీది తేటలా ఆడుతూనే ఉంది.
ఒంట్లో తొందరపడి దారులు మూసే రక్తం
గాజులో ఎంత నెమ్మది నటిస్తుందో!

నార్మల్ సీసాలో ఉన్నది మా ల్యాబ్ వాళ్ల ప్లాస్మానే,
నాదీ కొంత.
సగానికి సగం కలిపాను.
కొరతే అయితే నాది తీర్చేది.
అరవై రెండు.
కొరత కాదు.
సొంత గోడనే పరాయిదనుకుని
కాపలా కాస్తున్నదేదో ఉంది.

పేరు పెట్టడానికి ఇంకా వీల్లేదు,
పన్నెండు వారాలాగి రమ్మన్నాను.
వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంది:
"మూడో నెల దాటాలన్నమాట."
నేను లేబుల్ అతికిస్తూ ఉండిపోయాను.

ఇవాళ వచ్చింది.
ఎంతని అడగలేదు, చెయ్యి తనే చాపింది.
రెండుసార్లు తిప్పి, తేట తీసి,
స్టాప్‌వాచ్ నొక్కాను.
నలభై. యాభై.
గుమ్మంలోంచి తొంగిచూసి
"గడ్డ కట్టీసిందేటి?" అంది.
ఇంకా లేదమ్మా, అన్నాను.
మంచిదే అనుకుని
నవ్వింది.